దారిచ్చేవాడు

“సాండర్ ఏడిరా?” జట్టు కారులోంచి మేనేజరు ఓడీల్ వేసిన కేకకి రేడియో పెట్టుకున్న లీవెన్ చెవి గింగురుమంది.

లీవెన్ సైకిల్ తొక్కుతూనే వెనక్కి చూశాడు. ఎప్పుడూ తన వెనక చక్రానికి అతుక్కుని ఉండే సాండర్ లేడు. ఆ చోట నారింజరంగు జెర్సీలో టైస్ ఉన్నాడు. వాడు ఎదుటి జట్టు స్ప్రింటరు, ఆఖర్లో ఒక్క ఊపున దూసుకుపోయి గెలిచే రకం. పైగా పళ్ళికిలిస్తున్నాడు.

“సాండర్ ఇందాక మొక్కజొన్న చేను దగ్గర దిగాడు బాస్. ఒంటేలుకి.”

“ఎప్పుడు?”

“మీరు ‘ఇప్పుడే, కొట్టండి’ అని అరిచారు చూడండి, సరిగ్గా అప్పుడు.”

రేడియోలో ఓడీల్ నెత్తి బాదుకున్న చప్పుడు వినిపించింది.

సాండర్ తప్పేం లేదు, పాపం. ఒకడు ఆ పనికి దిగితే మిగతావాళ్ళు వేగం పెంచకూడదన్నది ఈ ఆటలో ఎవరూ రాసిపెట్టని మర్యాద. బద్ధశత్రువులు కూడా దాన్ని తప్పరు. సాండర్ సొంత జట్టే తప్పింది! సముద్రపు గాలి పక్కనుంచి కొట్టే మలుపు రాగానే ఓడీల్ ఉసిగొల్పాడు, జట్టులో మిగిలిన ఆరుగురూ రోడ్డుకు అడ్డంగా ఏటవాలు వరుస కట్టి తొక్కారు. ఈ ఫ్లాండర్స్ ప్రాంతంలో దాన్ని విసనకర్ర అంటారు. రోడ్డు వెడల్పు ఎంతో అందులో చోటూ అంతే. చోటు దొరికినవాడికి ముందువాడి చాటు ఉంటుంది, దొరకనివాడికి గాలే గతి. అలా పందెం రెండు ముక్కలైంది. వెనక ముక్కలో, నిక్కరు సర్దుకుంటూ, వాళ్ళ స్ప్రింటరే మిగిలిపోయాడు.

“వాడికోసం ఆగుదామా బాస్?”

“నువ్వాగితే టైస్ ఆగుతాడా? స్పాన్సరు నా పక్కనే కూర్చుని చూస్తున్నాడయ్యా! విను. ఇవాళ స్ప్రింటు నీదే.”

“నాదా?”

“నీదే. నీ కాంట్రాక్టు ఈ సీజన్‌తో సరి. ఒక్క పందెం కూడా గెలవనివాడికి కొత్తది ఇచ్చేది లేదని ఈయన మొండికేశాడు. గెలిచావా, సాయంత్రమే సంతకం. ఓడావా, మీ మామగారి ఫారానికి పోయి పందులకి మేత వేసుకో.”

ఇన్నేళ్ళుగా లీవెన్ పని ఒక్కటే. చివర్లో సాండర్‌కి ముందుండి గాలంతా తను తినడం, గెలుపు గీత ఇంకా రెండు వందల మీటర్లుందని చెప్పే బోర్డు రాగానే పక్కకు తప్పుకుని వాడికి దారివ్వడం. ఆ తర్వాత ఏం జరిగిందో మర్నాడు పేపర్లో చూసుకునేవాడు. గీత దాటుతూ చేతులు పైకెత్తితే ఎలా ఉంటుందో ఆ మనిషికి తెలీనే తెలీదు. ఇవాళ తెలుసుకోవాలని కడుపులోంచి కోరిక పుట్టింది.

కాలవగట్టు వెంట గాలి ఈడ్చి కొడుతోంది. టైస్ పక్కకొచ్చాడు.

“ఏం బాబాయ్, ఈ వయసులో స్ప్రింటా? నడుం పట్టేస్తుంది, జాగ్రత్త!”

“నోరు మూసుకుని తొక్కరా. ఈగలు పోతాయి.”

జట్టువాళ్ళు ఒక్కొక్కరే ఒంట్లో ఉన్నదంతా ధారపోసి వెనక్కి జారిపోయారు. ఊళ్ళోకి వచ్చేశారు. రోడ్డుకి రెండు పక్కలా జనం, వేయించిన బంగాళాదుంపల వాసన, బీరు గ్లాసులు పట్టుకుని అరుపులు. జట్టులో మిగిలిన ఆఖరివాడు “ఇక నీదేరా!” అంటూ తప్పుకున్నాడు. లీవెన్ పెడల్స్ మీద లేచి నిలబడ్డాడు.

అబ్బ, ఏం తొక్కుడు అది! టైస్ అతని చక్రానికి అంటుకుని ఉన్నాడే గాని, దాటి ముందుకు రావడం వాడి తరం కావడం లేదు. రేడియోలో ఓడీల్ “ఇంకాస్త నాయనా, ఇంకొక్క కాస్త!” అని ఏడుస్తున్నాడు. మైకులో లీవెన్ పేరు మొదటిసారిగా ఊరంతా మోగిపోతోంది.

రెండు వందల మీటర్ల బోర్డు వచ్చింది.

లీవెన్ ఠక్కున కుడిపక్కకు తప్పుకున్నాడు. తప్పుకుని, తల వంచుకుని, ఇన్నేళ్ళుగా అరుస్తున్న అరుపే అరిచాడు.

“పోరా సాండర్, పో!”

టైస్ పోయాడు. లీవెన్ తేరుకునేలోగా మరో నలుగురు కూడా పోయారు.

బస్సు దగ్గర ఓడీల్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. “పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఊరికే అన్నారా! నీ వెనక ఉన్నది ఎవడో నీకు తెలుసు కదరా?”

“నాకు తెలుసు బాస్. కాళ్ళకే తెలీలేదు.”

ఇంతలో సాండర్ దిగబడ్డాడు, ఒళ్ళంతా దుమ్ముతో. “ఒంటేలుకి దిగినవాణ్ణి వదిలేసి పోతార్రా మీరు? పైగా నాకు చెయ్యాల్సిన సేవంతా వాడికి చేశావట. సిగ్గు లేదూ?”

లీవెన్‌కి నిజంగానే ఏడుపొచ్చింది. బస్సు మెట్ల మీద కూలబడి బూట్లు విప్పుకుంటుంటే ఎదురుగా టైస్ వచ్చి నిలబడ్డాడు, చంకలో విజేతకిచ్చిన పూలగుత్తితో.

“వెక్కిరించడానికి వచ్చావా?”

“ఛ, ఛ. ఇంత నున్నగా నన్నెవరూ గీత దాకా తెచ్చి దింపలేదు బాబాయ్! మా జట్టులో దారివ్వాల్సినవాడు ఒకడున్నాడు, వాడికే గెలవాలని ఆశ. బోర్డు దాటినా పక్కకు కదలడు. మా మేనేజరుతో మాట్లాడేశాను. వచ్చే సీజన్‌కి మా జట్టులోకి వచ్చెయ్. మూడేళ్ళ కాంట్రాక్టు.”

లీవెన్ నమ్మలేక నోరు తెరిచాడు. “నేను ఒక్క పందెం కూడా గెలవనివాణ్ణయ్యా!”

“కాంట్రాక్టులో ఆ ఒక్క షరతే పెట్టించాను బాబాయ్. గెలిచావో, ఉద్యోగం ఊడినట్టే.”