పాత టేకు దీపం

"గా జనార్దన్ పటేల్‌కు మనం దీపం చేసిచ్చుడేంది డాడీ?" బ్యాటరీకి వైరు అతికిస్తూ సింధుజ మొహం మాడ్చుకుంది.

"అడిగిండు. చేస్తున్న," అన్నాడు యోబు.

"పోనీ, షాకు కొట్టేటట్టు పెట్టనా?"

"వద్దు బిడ్డా. అది మస్తు ఏండ్లు మంచిగ వెలగాలె."

తాండూరులో ఒక ఇల్లు, వికారాబాద్‌లో ఇంకొకటి. రెండింటి మధ్యా కారులో వెంట తిప్పుకోవడానికి జనార్దన్‌కు చేత్తో చేసిన కొయ్య దీపం కావాలట. ఎవరో యోబు పేరు చెప్పారు. ఆ యోబు ఎవరి కొడుకో ఆయనకు గుర్తే లేదు. యోబుకు ఒళ్లు మండింది అక్కడే.

పన్నెండేళ్ల కిందట జనార్దన్ నాపరాళ్ల గనిలో బండ జారి యోబు తండ్రి బాలప్ప మీద పడింది. తప్పు బాలప్పదేనన్నాడు జనార్దన్. దవాఖానా నుంచి వచ్చిన తండ్రిని యోబు భుజం పట్టి గని ఆఫీసుకు తీసుకెళ్లాడు. నష్టపరిహారం కోసం, అందరూ చూస్తుండగా బాలప్ప ఆయన కాళ్ల మీద పడ్డాడు. జనార్దన్ ఫోన్లో మాట్లాడుతూనే కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. సంజెవేళ, అప్పుడే ఆఫీసులో లైటు వేశారు. ఫోను పక్కన పెట్టి, ఆ బల్బుకు మాత్రం భక్తిగా మొక్కాడు.

"నీకు గూడ వానితోని మొక్కిపిస్త నాయినా," అని ఒట్టు పెట్టుకున్నాడు యోబు. ఒట్టు తీరకుండానే నిరుడు బాలప్ప పోయాడు.

దీపానికి కొత్త కట్టె కొనలేదు. అటక మీది పాత టేకు దించాడు. మూరెడు పొడుగు, చెమటకు నల్లబడింది. దాని బోల్టు రంధ్రాల్లోంచే వైరు తీశాడు. దానికున్న తోలు పట్టీనే పిడిగా బిగించాడు. అడుగు ఒక పక్కకు అరిగితే చిత్రిక పట్టలేదు, సన్నటి చెక్కముక్క అతికించి నిలబెట్టాడు. ఆ కట్టెను చూశాక సింధుజ తోలు పట్టీని తనే తుడిచి మెరిపించింది.

సాయంత్రం వికారాబాద్‌లో, జనార్దన్ హాల్లో దీపాన్ని నేల మీద పెట్టాడు యోబు.

"మంచి కట్టె. ఎక్కడిది?"

"మా నాయినది పటేలా. పదేండ్లకు పైనే వాడిండు."

యోబు స్విచ్ నొక్కాడు. వెలుగు రాగానే జనార్దన్ నడుం వంచి, దీపం అడుగును రెండు చేతులా తాకి కళ్లకద్దుకున్నాడు.

"ఏ ఇంట్ల ఉన్నా పొద్దుగూకంగనే గీ దీపానికే మొక్కుత," అన్నాడు సంబరంగా.

"మొక్కు పటేలా. రోజూ మొక్కు," అన్నాడు యోబు.

బండ కింద నలిగి మోకాలి దాకా పోయిన కాలికి బదులుగా, బాలప్ప చచ్చేదాకా కట్టుకుని నడిచిన కొయ్యకాలు అది.