సగం బోటు

బోటు నాది, వల నాది. వల లాగే వించిలో పడి మా బోటు కళాసీ సూరన్న కుడిసెయ్యి నలిగిపోతే ఆ కర్మా నాదేనట! పనోడికి దెబ్బ తగిల్తే ఓనరే నష్టపరిహారం ఇచ్చుకోవాలని లేబరాఫీసు నుంచి పిలుపొచ్చింది.

ప్లీడరుగారు దారి సెప్పినాడు. మా ఇశాపట్నం హార్బర్లో జీతాలెక్కడివి? పడిన సేపలమ్మి వాటాలేసుకుంటాం. అంచేత ఆడు పనోడు కాడు, వాటాదారుడని సెప్పమన్నాడు.

ఆఫీసరు ముందు నాను ఇంకాస్త గట్టిగానే సెప్పినాను. "ఈడు నాకు పనోడేటండి బాబూ! బోటులో సగం ఈడిదే."

సూరన్న కట్టు కట్టిన సెయ్యి ఒళ్లో ఎట్టుకుని కూకున్నాడు. ఏడుస్తాడో, తిడతాడో అనుకున్నాను.

"అవునండి, బావ సెప్పింది నిజవే" అనీసి, ఎడం సేత్తో ఏలిముద్ర ఏసినాడు.

కేసు ఎగిరిపోయింది. సింహాద్రప్పన్నకి దండమెట్టుకున్నాను.

తెల్లారి ఎల్లి సూత్తే బోటు గట్టునే ఉంది. ఐసు ఎక్కలేదు, కళాసీలు కదల్లేదు. సూరన్న మోకు మీద కూకున్నాడు.

"ఏటి సూరన్నా, బోటెందుకు ఆపీసినావు?" అని అరిసినాను.

"ఆపలేదు బావ, నీ సగం నువ్వు తీసుకెళ్లిపో. నా సగం మాత్రం ఈ సెయ్యి బాగయ్యేదాకా ఏటకి రాదు."