బాబాయ్ చెవి

"మంచిది," అన్నాడు బాబాయ్, పగిలిన బ్రేకు డ్రమ్ము మీద సుత్తితో ఇంకో దెబ్బ వేసి మరీ.

ఫ్యాక్టరీలో అందరికీ ఆయన బాబాయే. ముప్పయ్యేళ్లుగా డ్రమ్ముని కొట్టి, మోత విని, కంటికి కనబడని పగుళ్లు పట్టేది ఆయనే. ఇప్పుడా మోతని మైకు పెట్టి మిషనుకి నేర్పిస్తున్నారు. అది నేర్చుకుందంటే బాబాయ్ ఇంటికే. అందుకే పనిలో మొదటిసారి అబద్ధమాడాడు.

మిషను మీద ఎర్రదీపం వెలిగింది.

"పగిలిందంటోంది బాబాయ్," అంది ఇంజనీరమ్మాయి.

"నా చెవికి ముప్పయ్యేళ్లు, దానికి మూడు నెలలు. ఎవరి మాట వింటావు?"

"దానికి వారం కిందటే అంతా వచ్చేసింది."

బాబాయ్ చేతిలో సుత్తి ఆగిపోయింది. "మరి రోజూ నాతో ఎందుకు కొట్టిస్తున్నావే?"

అమ్మాయి మేనేజరు గాజుగది వైపు ఓరగా చూసి గొంతు తగ్గించింది. "ఇంకా రాలేదనే పైకి రాస్తున్నా. వచ్చేసిందని రాస్తే నీతోపాటు నా పనీ అయిపోయినట్టే. నన్ను తీసుకుంది దీనికి నేర్పడానికే కదా."

"ఎన్నాళ్లు రాస్తావలా?"

"శుక్రవారం పైవాళ్లే వచ్చి చూస్తారట."

ఈ డ్రమ్ము ఏ బస్సుకి ఎక్కేదో! బాబాయ్ దాన్ని తనే మోసుకెళ్లి తుక్కులో పడేసి వచ్చాడు.

"ఇంకోటి పెట్టు."

కొట్టాడు. చెవి వంచాడు. నోరు తెరిచేలోపే పచ్చదీపం వెలిగింది.

"మంచిది," అన్నాడు బాబాయ్, దీపం తర్వాత.