గడప దగ్గరి చెయ్యి

గుడిలో చివరి బెంచీ చివర కూర్చోవడం మేస్త్రీ కావాలని చేసే పని.

ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో ఆ గుడిలో ఒక పద్ధతి ఉంది. పూజలో ఫాదర్ గారు పీఠం దిగి, మొదటి బెంచీలో ఉన్న మనిషి చెయ్యి పట్టుకుని "శాంతి" అంటారు. ఆ మనిషి పక్కవాళ్లకి, పక్కవాళ్లు వెనకవాళ్లకి ఇస్తారు. అలా చేతులు మారుతూ అది చివరి మనిషి దాకా వస్తుంది. అతను గుప్పిట మూసుకుని బయటికి వెళ్లి, తనకు ఎవరితో పడదో వాళ్ల చేతిలో పెట్టి రావాలి.

మేస్త్రీ మాత్రం దాన్ని ప్యాంటుకి తుడిచేసుకునేవాడు.

బడి నుంచి వస్తున్న అతని కూతుర్ని లారీ తొక్కేసింది. తోలినవాడు జైలు నుంచి వచ్చాక ఒకసారి ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. మేస్త్రీ అతని ముఖం చూడలేదు. తలుపు గడియ పెట్టమన్నాడు.

ఎందరి సమాధులో కట్టిన మనిషి, కూతురికి ఇటుక మీద ఇటుక పెట్టలేకపోయాడు. కూతురున్న సమాధుల తోట వైపు వెళ్లాల్సి వస్తుందని ఆ పనే మానేశాడు.

"ఎంత తుడిచినా మీకు నిద్ర పట్టట్లేదు కదా. అతనికి ఇచ్చేసి రాకూడదూ" అనేది భార్య.

"వాడికి తప్ప" అనేవాడు మేస్త్రీ.

ఆ ఏడు తపస్సు కాలం మొదటి ఆదివారం, చెయ్యి తుడుచుకోబోతుంటే వెనక నుంచి ఎవరో చెయ్యి చాపారు.

గడప అవతల ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మేస్త్రీ ఆలోచించకుండానే చెయ్యి కలిపాడు.

ఆ చెయ్యి తడి ఇటుకలా చల్లగా ఉంది. వేళ్ల చివర్లు సిమెంటు దెబ్బకి పగిలిపోయాయి.

తనలాగే పనోడు అనుకుని, ఎక్కడ పని అని అడిగాడు మేస్త్రీ.

"నా పనేనండి. చిన్నది. చేతకాక చస్తున్నా. గచ్చు ఆరగానే పగుళ్లిస్తోంది."

మేస్త్రీకి నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో. ఎండకి వదిలేస్తే పగలక ఏం చేస్తుంది, గోనెపట్టా కప్పి తడి ఆరకుండా నీళ్లు కొట్టమన్నాడు.

ఆ మనిషి తల ఊపాడు. గుప్పిట మూసుకుని మెట్లు దిగి, మోచేత్తో గేటు తోసుకుని వెళ్లిపోయాడు. ఎప్పుడూ కీచుమని అరిచే గేటు ఆ రోజు కిక్కురుమనలేదు. అతను నిలబడ్డ చోట నేల తడిగా ఉంది.

తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. గడప దాటి లోపలికి రాడు. పని గురించి తప్ప ఇంకేమీ అడగడు. అంచు నిలవట్లేదంటే చెక్క ఆనించి పొయ్యమన్నాడు మేస్త్రీ. వరస వంకర పోతోందంటే దారం కట్టుకోమన్నాడు. ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూడటం మొదలెట్టాడు. నిద్ర కూడా పడుతోంది.

భార్య అది కనిపెట్టి ఏంటి సంగతి అంది. గడప దగ్గర ఒక తింగరోడికి పని నేర్పుతున్నానన్నాడు.

ఆమె వంట ఆపి అతని వైపు చూసింది.

"గడప దగ్గర ఎవరున్నారు? మీరు ఒక్కరే గాల్లోకి చెయ్యి చాపుతుంటే, ప్రార్థన అనుకున్నాను."

ఆడవాళ్ల బెంచీల్లోంచి నీకేం కనబడుతుందిలే అని కొట్టిపారేశాడు. కానీ అరచేతిలో ఆ చల్లదనం అన్నం తింటున్నంతసేపూ పోలేదు.

మరుసటి ఆదివారం, ఇంతకీ ఏం కడుతున్నావని అడిగేశాడు.

"చిన్న ఇల్లండి. ఒక్కరు పడుకునేది. అయిపోయింది. పేరు రాయడమే మిగిలింది. అది నేను రాయకూడదు."

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు గడప దగ్గర ఎవరూ లేరు.

మేస్త్రీ గుప్పిట మూసుకుని ఎదురుచూశాడు. పూజ అయిపోయింది, అందరూ వెళ్లిపోయారు. తుడుచుకుందామంటే చెయ్యి ఒప్పలేదు. లేచి బయటికొచ్చాడు.

మెట్టు మీద తడి అడుగు ఒకటి ఉంది. గేటు దగ్గర ఇంకొకటి. మండుటెండలో ఆరకుండా రోడ్డు పొడవునా అడుగులు. వాటి వెంటే నడిచాడు. అవి సమాధుల తోట దాకా వచ్చి, మూలకి తిరిగి ఆగిపోయాయి. ఆ మూల ఎవరిదో అతనికి తెలుసు.

అక్కడ ఒక చిన్న సమాధి. మీద తడి గోనెపట్టా.

ఎడమచేత్తో పట్టా ఎత్తాడు. అంచు సూటిగా ఉంది. వరసలో వంకర లేదు. ఎక్కడా వెంట్రుకంత పగులు లేదు. పేరు రాసే చోటు ఖాళీగా ఉంది. పక్కనే ఒక మట్టిదిబ్బ, దాని మీద అప్పుడే మొలిచిన గడ్డి.

తోట కాపరి వచ్చి వెనక నిలబడ్డాడు. తన పిల్లకి ఇది ఎవరు కట్టారని మేస్త్రీ అడిగాడు. కాపరి గడ్డంతో మట్టిదిబ్బని చూపించాడు.

"ఆయనేనండి. సగం కట్టాడు. తపస్సు కాలం మొదలయ్యే విబూది బుధవారం రాకముందే జ్వరంతో పోయాడు. మిగతా సగం ఎవరు కట్టారో నాకూ అంతుపట్టట్లేదు. పొద్దున్నే వచ్చి చూస్తే గోనె తడిగా ఉంటుంది."

మేస్త్రీ మోకరించాడు. కుడి గుప్పిట విప్పి, అరచెయ్యి దిబ్బ మీద ఆనించాడు.

"శాంతి" అన్నాడు.

మట్టి వెచ్చగా ఉంది.

చెయ్యి తియ్యకుండానే, ఎవరీయన అని అడిగాడు.

కాపరి గోనెపట్టా మళ్లీ కప్పాడు.

"మీరు క్షమించారు కాబట్టే కడుతున్నాడనుకున్నానండి. ఆ లారీ తోలింది ఈయనే."