థర్మోకోల్ సిలువ

మాచర్ల పాతసామాన్ల కొట్లో తెచ్చిన ఇంజన్ ముక్కలు కుంపట్లో కరిగాయి. పెరట్లో, ఇసుకలో పాతిపెట్టిన థర్మోకోల్ సిలువ మీద ఆరోగ్యస్వామి ఆ అల్యూమినియం పోశాడు. నల్లటి పొగ లేచింది. చనిపోయే ముందు భార్య మంచంలో ఉండి చెక్కిన సిలువ కాలిపోయి, ఆ చోటంతా లోహం నిండింది.

"అమ్మ చేత్తో చేసింది అదొక్కటే మిగిలింది. అదీ పాయె," అంది కూతురు ఝాన్సీ.

"ఏడికి పోద్దమ్మా? ఉన్నదున్నట్టు దిగుద్ది. రేపు నలభయ్యో రోజు ప్రార్థన గదా, సమాధి మీద నిలబెడదాం."

చల్లారాక ఇసుక తవ్వి తీశారు. అన్నట్టే కత్తిగాట్లతో సహా దిగింది. అడ్డపట్టీ మీద నాలుగు చిన్న నొక్కులు కూడా వచ్చాయి. ఝాన్సీ వాటిలో తన గోళ్ళు ఆనించి చూసుకుంది. చెక్కుతూ చెక్కుతూ నొప్పికి ఓర్చుకోలేక అమ్మ గట్టిగా పట్టుకున్న చోటు అది.

ఆమె టీ పెట్టుకొచ్చేసరికి ఆయన ఆకురాయితో రుద్దుతున్నాడు. అడ్డపట్టీ అద్దంలా మెరుస్తోంది. నొక్కులు లేవు.

"ఏంది నాయనా నువ్వు చేసింది! అవి పోతలో వచ్చిన లోపాలనుకున్నావా? అమ్మ గోళ్ళు!"

"తెలుసమ్మా," అన్నాడు తలెత్తకుండా. "పక్కనే ఉన్నా గదా. చానా బాధపడింది. ఆ బాధ సమాధి మీద గూడా ఎందుకని."

ఝాన్సీ టీ గ్లాసు ఆయన పక్కన పెట్టింది.

ఆయన ఒళ్ళో పరుచుకున్న కాగితం మీద రాలిన రజనంతా, ఒక్క పలుకు జారకుండా పొట్లం కట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.