తాతల మాష్టారు

"ఈ పూట ఏ గొడవా లేకుండా గడిపించు స్వామీ" అని మొక్కుకుని హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూర్చుందో లేదో, బట్టల కొట్టు యజమాని తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"మేడం గారూ! మా ముత్తాత మేకల దొంగట!"

"అయ్యో" అంది.

"అయ్యో అంటే సరిపోదండీ. నిన్న మా అమ్మాయి క్లాసులో లేచి నిలబడి ఈ సంగతి చెప్పింది. పిల్లలు చప్పట్లు కూడా కొట్టారట. పొద్దున్నే ఒకావిడ కొట్టుకొచ్చి, 'గుడ్డ సరిగ్గా కొలిచి ఇయ్యి నాయనా, ముత్తాత బుద్ధులు రాలేదు కదా' అంటోంది. నా పరువు బజారున పడింది."

"అమ్మాయికి ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు, మా నాన్న! గోడవైపు తిరిగి పడుకుని, పలకరించినా పలికేవాడు కాదు. ఇప్పుడు మనవరాలు బడి నుంచి ఎప్పుడొస్తుందా అని వీధి గుమ్మంలో కాచుకుని కూర్చుంటున్నాడు. అదంతా మీ తాతల మాష్టారి పని."

చరిత్ర మాష్టారికి ఆ పేరు పిల్లలు పెట్టింది. రోజూ పాఠానికి ముందు ఒకరు లేచి తమ ఇంటి పెద్దవాళ్ళ కథ చెప్పాలి. ఆ తర్వాతే రాజులు. తెలియదంటే, "ఇంటికెళ్ళి అడుగు, రేపు చెబుదువుగాని" అంటాడు. చెప్పేదాకా వదలడు.

బట్టల కొట్టు యజమాని బడి కమిటీలో సభ్యుడు. ఆమె మాష్టారిని పిలిపించింది.

చేతుల సుద్దపొడి దులుపుకుంటూ వచ్చాడాయన. నడివయసు మనిషి.

"మాష్టారూ, మీరు చెప్పాల్సింది రాజుల గురించి. ఇళ్ళల్లో దొంగల గురించి కాదు."

'దొంగల' అన్నచోట యజమాని ముఖం ముడుచుకుంది.

"రాజులు పుస్తకంలోనే ఉంటారమ్మా, ఎక్కడికీ పోరు. ఇంట్లో పెద్దవాళ్ళే..."

"ఆ కబుర్లు కట్టిపెట్టండి" అన్నాడు యజమాని. "నా పరువు సంగతి చెప్పండి."

మాష్టారు ఆయన వైపు తిరిగాడు.

"ఎంత మంచి కథండీ అది! కరువులో పసిపిల్లకు పాలు లేవని పక్కూరి మేకను తోలుకొచ్చాడట. పాలు పితికి, మర్నాడు దాన్ని మళ్ళీ మందలో వదలబోతూ దొరికిపోయాడట."

"అంటే, దొంగతనం కూడా చేతకాని దొంగ అని చెప్పుకోవాలా?"

"దొంగైతేనేమండీ, ఉన్నాడు కదా!"

ఆ మాట ఇద్దరికీ తలకెక్కలేదు.

"అసలు మీకీ చరిత్ర పిచ్చి ఏమిటి మాష్టారూ?" అంది ఆమె విసుగ్గా.

"వినడమంటే ఇష్టమమ్మా. చెప్పడం వంక" అని నవ్వాడు.

కమిటీ నవ్వలేదు. వచ్చే ఏడు ఈయన వద్దని తేల్చింది. అడ్డుపడదామని ఆమెకు అనిపించింది గానీ, అడ్డుపడలేదు.

కబురు చెప్పినప్పుడు మాష్టారు ఒకటే అడిగాడు.

"చివరి బెంచీ పిల్లల కథలు మిగిలిపోయాయి. అవి కూడా విని వెళ్తానమ్మా."

"పుస్తకం పూర్తిచెయ్యండి మాష్టారూ."

పుస్తకం పూర్తిచేశాడు. వెళ్ళిపోయాడు.

కొత్తగా వచ్చినాయన పాఠాలన్నీ గడువుకు ముందే ముగించాడు. ఒక్క ఫిర్యాదూ లేదు. స్వామి తన మొర విన్నాడనే అనుకుంది ఆమె. అయినా ఆ క్లాసు ముందు నుంచి నడిచినప్పుడల్లా, మరీ ఇంత నిశ్శబ్దం అడిగానా అని అనుమానం వచ్చేది.

ఒకరోజు బట్టల కొట్టు యజమాని మళ్ళీ వచ్చాడు. ఈసారి తలుపు తొయ్యలేదు. బయటే నిలబడ్డాడు.

"మా నాన్న పోయారు మేడం."

ఆమె లేచి నిలబడింది.

"పరామర్శకు వచ్చినవాళ్ళు ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నోరు తెరిస్తే ఆ మేక తప్ప నాకేమీ రాలేదు. అమ్మాయేమో చిన్నది, సగం మరిచిపోయింది. విన్నవన్నీ మాష్టారికి చెప్పేదట. ఆయన్ని అడుగుదామని..."

ఇద్దరూ కలిసే వెళ్ళారు. మాష్టారు అద్దెకున్న గది మేడ మీద. తాళం వేసి ఉంది. కిటికీలో సుద్దముక్క ఒకటి మిగిలింది.

ఇంటావిడ పెద్దావిడ. మెట్ల కింద కూర్చుని ఉంది.

"ఖాళీచేసి వెళ్ళిపోయాడమ్మా. ఎక్కడికో చెప్పలేదు."

"సొంతవాళ్ళ దగ్గరికేమో?" అంది హెడ్మిస్ట్రెస్.

"నేనూ అలాగే అనుకున్నాను. ఒకరా ఇద్దరా! సాయంత్రం ఈ మెట్ల మీద కూర్చుని రోజుకొకరి కథ చెప్పేవాడు. ఓడలో వంట చేసిన తాతట, మొగుడికి చదువు నేర్పిన అమ్మమ్మట. అందరిలోకీ ఆ మేకల దొంగంటే మరీ ముద్దు. 'మా ముత్తాత' అంటూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వేవాడు."

ఓడలో వంట చేసినాయన మనవడు ఏ క్లాసులో ఉన్నాడో హెడ్మిస్ట్రెస్‌కు తెలుసు.

"ఆ మేకల దొంగ మా ముత్తాతండీ" అన్నాడు యజమాని.

ఆ మాట సిగ్గుపడకుండా అనడం అతనికి అదే మొదటిసారి.

పెద్దావిడ అతన్ని తేరిపార చూసింది.

"అలాగా బాబూ! పెట్టె సర్దుకుంటుంటే అడిగాను, ఇంతమందిలో ఎవరి దగ్గరికి పోతున్నావు నాయనా అని. అప్పుడు చెప్పాడు, నెలల పిల్లాడిగా రైలుపెట్టెలో దొరికితే అనాథాశ్రమం వాళ్ళు పెంచారట, ఆ తాతలంతా బడిలో పిల్లల్ని అడిగి తెచ్చుకున్నవాళ్ళట."