ఉప్పుమడుల గట్టు

“ఏడుపు మాట ఈ గదిలో ఎత్తకు” అంది అత్తగారు.

నర్సు వాన్‌టింగ్ చేతిలో ట్యాబ్ పట్టుకుని మంచం పక్కనే నిలబడింది. “అందరినీ అడుగుతాం పెద్దమ్మా. ఇంటికి పంపేముందు బాలింతల మనసెలా ఉందో చూడాలి.”

“దాని మనసుకేం? పచ్చి బాలింత ఏడిస్తే కళ్ళు పోతాయి. నా కోడలు ఏడవదు. అదే రాసుకో.”

మంచం మీద షిన్‌రూ చెవులు మూసే ఉన్ని టోపీ పెట్టుకుని కూర్చుంది. గాలి తగలకూడదని అత్తగారు కిటికీ మూయించింది. తెరలోంచి వడకట్టినట్టు వచ్చే ఎండ గదంతా పల్చటి పాలలా నిండింది. అల్లం, నువ్వుల నూనె వేసి వండిన కోడి పులుసు వాసన ఇంకా పోలేదు. వాళ్ళిద్దరి మాటలూ నీళ్ళ అడుగు నుంచి వింటున్నట్టుంది ఆమెకు. భర్త కారు తేవడానికి వెళ్ళాడు. ఇంటికి చేరితే ఇక ఈ ప్రశ్నలు అడిగేవాళ్ళుండరు.

“నవ్వొచ్చే మాటకి నవ్వగలుగుతున్నారా అక్కా?”

“ఆఁ.”

“ఊరికే కంగారు పుడుతోందా?”

“లేదు.”

“నిద్ర?”

“పడుతోంది.” అదొక్కటే నిజం. కళ్ళు మూస్తే చాలు, గట్టు వచ్చేస్తోంది.

“చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా...”

“ఛీ, ఛీ. పసిగుడ్డు ఉన్న గదిలో ఏం మాటలవి? మీ ఇంట్లో నేర్పిందిదేనా?”

వాన్‌టింగ్ మొహం చిన్నబుచ్చుకోలేదు. “పెద్దమ్మా, రేగుపళ్ళ కషాయం చల్లారినట్టుంది. వరండా చివర వేడినీళ్ళున్నాయి.”

చల్లారడమంటే అత్తగారికి ఏడుపు కంటే భయం. ఫ్లాస్కు అందుకుంది. “నేనొచ్చేలోపు ఆ ప్రశ్నలు అవతల పారెయ్” అని చెప్పి మరీ వెళ్ళింది.

నర్సు కుర్చీ దగ్గరకు లాక్కుంది. “మా అమ్మా ఇంతే. నా కాన్పప్పుడు నన్నూ ఏడవనివ్వలేదు. ఇప్పుడు చెప్పండి. ఏడ్చారా?”

“మెలకువలో ఏడవలేదు.”

“మరి?”

“కలలో ఏడిస్తే కళ్ళకేం కాదు కదా?” అంది షిన్‌రూ. ఆ తరవాత మాటలు వాటంతటవే వచ్చాయి. “ఉప్పుమడులు కనిపిస్తాయి. నేను తేయాకు కొండల్లో పుట్టాను, మడి ఎలా ఉంటుందో కూడా ఎరగను. ఎటు చూసినా తెల్లటి కుప్పలు, మధ్యలో సన్నటి గట్టు. ఆకాశం పైన ఉండదు, మడిలోనే పడుకుని ఉంటుంది. అక్కడ కూర్చుని ఏడుస్తాను. ఎవరూ వద్దనరు. ఏడ్చింది ఏడ్చినట్టే నా పాదాల దగ్గర తెల్లగా పేరుకుంటుంది.”

“బాగుంటుందా అక్కడ?”

“అదే భయం. నిన్న గట్టు చివరిదాకా నడిచాను. అవతల సముద్రం. మోకాళ్ళ లోతు దిగాను. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. వెనక్కి రావాలనిపించలేదు. పాప ఏడిస్తే మెలకువొచ్చింది. లేకపోతే...”

వాన్‌టింగ్ ట్యాబ్ పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది.

గట్టు మీద తను కూర్చునే ఎర్ర పీట సంగతి షిన్‌రూ చెప్పలేదు. కూర్చోగానే అది ఒక పక్కకి ఒరుగుతుంది. ఇంత పెద్ద మాటల మధ్య పీట ఒక విషయమా అనిపించింది.

తలెత్తితే గుమ్మంలో అత్తగారు. ఎంతసేపటి నుంచి ఉందో.

“ఏం లేదత్తయ్యా. ఊరికే కల...”

అత్తగారు ఆమెను చూడలేదు. నర్సుతో అంది: “అమ్మాయ్, డాక్టరమ్మను పిలు. ఈ పిల్లను ఇవాళ పంపొద్దు. నా కొడుక్కి నేను చెప్పుకుంటాను.”

నర్సు పరుగున వెళ్ళింది. అత్తగారు మంచం చుట్టూ తెర లాగి, కోడలి పక్కన కూర్చుని, జారిన టోపీని చెవుల మీదికి సర్దింది.

“ఏడువు” అంది.

“కళ్ళు పోతాయన్నారుగా?”

“నావి పోయాయా?”

షిన్‌రూ తల వంచింది. మొదటి చుక్క దుప్పటి మీద పడింది. అత్తగారు తుడవలేదు. పడనిచ్చింది. చాలాసేపటికి, పాప లేవకుండా, మెల్లగా చెవిలో చెప్పింది.

“మళ్ళీ అక్కడికి వెళితే నీళ్ళ వైపు పోకు. ఆ ఎర్ర పీట మీదే కూర్చో. ఒరుగుతుంది, జాగ్రత్త. మీ ఆయన పుట్టినప్పుడు కూర్చుని ఏడ్చి ఏడ్చి దాని కాలు అరగ్గొట్టింది నేనే.”